స్టోర్ రూములో అత్తగారు

ఆ ఉదయం ఇంజనీరమ్మ అనుకున్నది ఒక్కటే. పదింటికి కొత్త మేనేజరు ముందు వంతెన ప్లాను వివరించాలి, టీమ్ లీడరు పదవి కొట్టాలి. తీరా చూస్తే ఎనిమిదింటికి మూడేళ్ళ కూతురికి ఒళ్ళు వెచ్చబడింది. మొగుడేమో పని మీద పొరుగూరు వెళ్ళాడు. అమ్మ చేత్తో పోస్తే తప్ప ఆ పిల్ల మందు మింగదు.

"పోనీ, సెలవు పెట్టరాదూ అమ్మాయ్?" అన్నారు మామగారు.

"కొత్త మేనేజరు పరాయి దేశం మనిషి, మామయ్యా. ఇంటి గొడవలు ఆఫీసుకి తెస్తే అస్సలు గిట్టదట. పెళ్ళాం పిల్లల ఊసెత్తగా ఎవరూ వినలేదు."

"అయితే పిల్లనే తీసుకెళ్దాం పద," అంది అత్తగారు చెప్పులేసుకుంటూ. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

తొమ్మిదికల్లా అత్తగారూ మనవరాలూ ఆఫీసు స్టోర్ రూములో, పాత ప్లాన్ల చుట్టల మధ్య చేరారు. ఇంట్లో మరిచిపోయిన మందుసీసా పట్టుకుని మామగారు వెనక మెట్లెక్కి వచ్చారు. "ఒక్కదాన్నే ఇంట్లో ఉండి ఏం చేయను?" అంటూ ఆయన వెంట ఆడపడుచు కూడా దిగింది. ఒక్క పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే ఇల్లంతా కదిలే వంశం మరి!

మీటింగు దివ్యంగా సాగుతుండగా మేనేజరు లేచాడు. "పాత వంతెన ప్లాను కూడా చూద్దాం. స్టోర్ రూములో ఉంటుంది, నేనే తెస్తాను."

ఇంజనీరమ్మ చటుక్కున అడ్డొచ్చింది. "వద్దు సార్! అక్కడ ఎలుకలున్నాయి!"

"అయ్యో, ప్లాన్లు కొరికేస్తాయే!" అని ఆయన పరుగే పెట్టాడు. తలుపు దాకా వెళ్ళేసరికి లోపల మామగారు గట్టిగా తుమ్మారు.

"మీ దేశంలో ఎలుకలు తుమ్ముతాయా?" అంటూ మేనేజరు తలుపు తీశాడు.

మామగారు, ఆడపడుచు, పిల్ల బిక్కచచ్చిపోయారు. అత్తగారు మాత్రం చేతిలో దుమ్ముగుడ్డ కింద పెట్టలేదు. "ఏ ప్లాను కావాలి నాయనా? ఊరికే కూర్చోలేక ఏడాదివారీగా సర్దాను. పాత వంతెనా? అదిగో, రెండో అరలో ఉంది." పదేళ్ళుగా ఆ ఆఫీసులో ఎవరికీ చేతకాని పని, గంటలో! ఆ తల్లికి చేతులెత్తి మొక్కాలి.

మేనేజరు గిరుక్కున తిరిగి తన గదికి వెళ్ళిపోయాడు. 'అయిపోయింది, పదవి కాదు, ఉద్యోగమే ఊడింది' అనుకుంది ఇంజనీరమ్మ. ఏడుపొచ్చేసింది. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతుల్లో కాగితాలేం లేవు. చెరో చేయీ పట్టుకుని ఇద్దరు కవలలు నడుస్తున్నారు, ముక్కులు కారుతూ.

"పొద్దుట్నుంచీ నా బల్ల కింద ఉన్నారు," అని నసిగాడు. "మా దేశంలో పిల్లలకి జలుబు చేస్తే తండ్రి సెలవు పెడతాడు. ఇక్కడ మీరెవ్వరూ పెట్టరుగా! అడగడానికి సిగ్గేసింది."

"పిల్లలకి జలుబు చేస్తే సిగ్గేంటి నాయనా! ఇలా పంపించు," అంది అత్తగారు, ఇద్దర్నీ ఒళ్ళోకి లాక్కుని ముక్కులు తుడుస్తూ.

టీమ్ లీడరు పదవి కోడలికే వచ్చింది. సెలవు కావాలంటే మాత్రం మేనేజరుతో సహా అందరూ అత్తగారినే అడుగుతున్నారు.