మిగిలింది మేమిస్తాం

ఆ మంగళవారం పొద్దున జాన్ బాషా వేసుకున్న పథకం చాలా తేలికైనది. పదకొండింటికి భార్య గుల్జార్ బేగంకి ఆపరేషన్, సాయంత్రానికి తాను మళ్ళీ గుంటూరు మిర్చి యార్డులో. ఆమె పిత్తాశయంలో రాళ్ళున్నాయి. ఇక ఆలస్యం చేస్తే చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని ఆమె ముందురోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆసుపత్రి మంచం మీద కడుపు పట్టుకుని పడుకుంది. ఖర్చు గురించి బాషాకి దిగులు లేదు. ఆయనకి ఒకటి కాదు, మూడు ఇన్సూరెన్సు పాలసీలున్నాయి. ఒకటి బావమరిది అస్లాం అంటగట్టాడు, ఒకటి యార్డు వ్యాపారులందరికీ కలిపి కోటేష్ చేయించాడు, మూడోది బాంకు లోనుతోపాటు బాజీ అనే ఏజెంటు తగిలించాడు.

"ముగ్గుర్నీ ఒకేసారి రమ్మన్నా," అన్నాడు బాషా, బెంచీ మీద పక్కన కూర్చున్న యలమందయ్యతో.

యలమందయ్యది వినుకొండ దగ్గర పల్లె. ఎన్నో ఏళ్ళుగా తన మిరపకాయలు బాషా కమీషన్ కొట్టుకే తోలుతున్న రైతు. హెర్నియా ఆపరేషన్ కోసం, సర్కారు ఆ ఏడు కొత్తగా ఇచ్చిన ఆరోగ్య కార్డు జేబులో పెట్టుకుని ఆయనా అదే ఆసుపత్రికి వచ్చాడు. పైనుంచి అనుమతి రావాలంటే కూర్చున్నాడు. నిన్న కూడా అలాగే కూర్చున్నాడు.

"ముగ్గురెందుకురా? కట్టేవాడు ఒక్కడు చాలడా?" అన్నాడు యలమందయ్య.

"ఒక్కడే కొనేవాడుంటే నీ కాయకి ఏం ధర పలుకుద్ది? ముగ్గురు ఎగబడితేనే రేటు. యార్డైనా ఆసుపత్రైనా అంతే."

"నాకా గోల వద్దు. అందరికీ కలిపి సర్కారు ఒక్కటే కట్టుద్ది. బేరం లేదు, మోసం లేదు."

"పోయినేడు పత్తి కూడా అట్టాగే సర్కారు కేంద్రానికి తోలావుగా. లైన్లో ట్రాక్టరు మీదే వానకి తడిసి ముద్దయింది."

"అయితే ఏం? రేటు మాత్రం పైసా తగ్గించలా," అన్నాడు యలమందయ్య నింపాదిగా. "తడిసిందని కొనలేదు, అంతే."

ఇంతలో ముగ్గురు ఏజెంట్లూ వచ్చారు. బాషా లేచి, కొట్టుకి వచ్చిన వ్యాపారులని పలకరించినట్టు నవ్వుతూ పలకరించాడు. అస్లాం మాత్రం మిగతా ఇద్దరినీ చూసి మొహం ముడిచాడు.

"బావా, ఇంకో రెండు పాలసీలున్నాయని నాకు చెప్పలేదే. అట్టయితే ముందు వాళ్ళు కట్టాలి. మిగిలింది మేమిస్తాం."

"అదెట్టా కుదురుద్దండి?" అన్నాడు కోటేష్. "మాది సంఘం పాలసీ. సొంతంగా కట్టుకున్న పాలసీ ఉంటే ముందు అది. మిగిలింది మేమిస్తాం."

"మేం అందరికన్నా చివరొచ్చినవాళ్ళం," అన్నాడు బాజీ వినయంగా. "పెద్దవాళ్ళు ఇచ్చాక మిగిలింది మేమిస్తాం."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. ఒక్క రాశి కోసం ముగ్గురు కొట్టుకోవడం బాషా పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్నాడు. మీరు ముందంటే మీరు ముందని ముగ్గురు మర్యాద చేసుకోవడం ఇదే మొదలు. మిగిలింది ఇచ్చేవాళ్ళు ముగ్గురున్నారు. మొదటిది ఇచ్చేవాడే లేడు. ఈలోగా కౌంటర్లో అమ్మాయి కేకేసింది, ఎవరో ఒకళ్ళు ఒప్పుకోకపోతే థియేటర్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని.

ఏ దారీ తోచక బాషా తనకి తెలిసిన పనే చేశాడు. భుజం మీద తువ్వాలు తీసి కుడిచేతి మీద కప్పి కోటేష్ ముందుకి చాపాడు. పాతకాలం మిర్చి బేరాల్లో ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని చెబుతారు. చెయ్యి మొత్తం పట్టుకుంటే అడిగిన ధరకి సరుకంతా తీసుకున్నట్టే, ఇక మాట తిరగదు. కోటేష్ ఎప్పుడూ యార్డులో కాయ కొన్నవాడు కాదు. గుడ్డ కింద ఇచ్చేది ఒక్కటే ఆయనకి తెలుసు. అటూ ఇటూ చూసి, చెయ్యి లోపల పెట్టి, నోటు ఎక్కడుందోనని బాషా చేతిని మణికట్టు దాకా తడిమాడు.

"ఖాయం," అన్నాడు బాషా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కౌంటర్ దగ్గరికి వెళ్ళి, కోటేష్ గారి కంపెనీ మొత్తం తీసుకుందని చెప్పాడు. నర్సులు గుల్జార్ బేగంకి ఆకుపచ్చ గౌను తొడిగి మంచం తోసుకుపోయారు. అస్లాం, బాజీ బరువు దిగినట్టు టీకి వెళ్ళారు.

కౌంటర్లో అమ్మాయి సంతకం అడిగేసరికి కోటేష్ అదిరిపడ్డాడు. "నేనెప్పుడు ఒప్పుకున్నాను? ఆయన చెయ్యి చాపాడు, మర్యాదకి పట్టుకున్నా." దాంతో మంచం థియేటర్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. టీ గ్లాసులతోనే మిగతా ఇద్దరినీ వెనక్కి పిలిపించారు. మాటా మాటా పెరిగింది.

"అయినా ఇది పాత రోగం. ఆమె మూడేళ్ళుగా అల్లాడుతోందని ఆయనే చెప్పాడు," అన్నాడు కోటేష్.

"మూడేళ్ళా? నాతో పోయిన నెల్లోనే మొదలైందన్నాడే," అన్నాడు అస్లాం.

"నాకైతే మా ఇంట్లో ఎవరికీ తలనొప్పి కూడా రాదన్నాడు," అన్నాడు బాజీ.

ముగ్గురూ బాషా వైపు తిరిగారు. రంగు కావాలన్నవాడికి కాయ రంగు గురించి, ఘాటు కావాలన్నవాడికి ఘాటు గురించి చెప్పి అమ్మడం ఆయన వృత్తి. కొనేవాళ్ళు ఒకచోట చేరి ఆ మాటలన్నీ పోల్చి చూసుకుంటారని ఆయన కలలో కూడా అనుకోలేదు. పిలిచింది కూడా తానే కదా. ముగ్గురూ పొద్దున్నుంచీ మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు. ముందు విచారణ జరగాలి, తర్వాత మిగతావాళ్ళు కట్టాలి, అప్పుడు ఏమైనా మిగిలితే చూస్తాం అన్నారు.

బాషా గోడకి జారగిలబడి నేల మీద కూలబడ్డాడు. కాయలు అమ్ముడుపోకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు. నొప్పితో ముడుచుకుపోయిన మనిషిని ఎక్కడ పెట్టాలి? దీన్ని నా చేతులారా చంపుకుంటున్నానే అనుకున్నాడు.

"ఏమండీ," అని పిలిచింది గుల్జార్ బేగం మంచం మీది నుంచి. "ఆ తువ్వాలు ఇటివ్వండి."

బాషా ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతుల మీదా కప్పుకుని, కౌంటర్ అమ్మాయిని దగ్గరికి పిలిచింది. తువ్వాలు కాసేపు కదిలింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈవిడ కూడా బేరం నేర్చుకుందా అని బాషా ఆశగా చూశాడు. తువ్వాలు తీసేసరికి ఆ అమ్మాయి చేతిలో గుల్జార్ పుట్టింటి బంగారు గాజులున్నాయి. వాళ్ళమ్మ పోయేముందు తన చేతుల నుంచి తీసి కూతురికి తొడిగినవి. అస్లాం తల దించుకున్నాడు.

"ఇంక తలుపు తియ్యమ్మా," అంది ఆమె. "దాహంగా ఉంది."

ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రం ఆమె మత్తులో నిద్రపోతుంటే బాషా ఆ బోసి చేతులు చూడలేక దుప్పటి పైకి లాగి కప్పాడు. అప్పుడు ముగ్గురు ఏజెంట్లూ వచ్చి, గాజులు కుదవపెట్టి కట్టిన బిల్లు అడిగి తీసుకుని, తిప్పి తిప్పి చూశారు. బాషా గబుక్కున లేచి నిలబడ్డాడు.

అస్లాం గొంతు సవరించుకున్నాడు. "అక్క మొత్తం కట్టేసింది బావా. మిగిలింది ఇద్దామంటే, ఏమీ మిగల్లేదు."

మిగతా ఇద్దరూ నిజమేనని తలలూపి వెళ్ళిపోయారు. అస్లాం కూడా వెళ్ళాడు. వరండాలో లైట్లు వేశారు. యలమందయ్యకి అనుమతి ఇంకా రాలేదు. బెంచీ మీద గజ్జలు పట్టుకుని ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. బాషా వచ్చి పక్కన కూలబడగానే యలమందయ్య ఆయన వైపు తిరిగాడు.

"నేను పొద్దున్నుంచీ చెప్తానే ఉన్నాగా, కట్టేది ఒక్కళ్ళే ఉండాలని."