ఫాంగ్ అన్నని ముక్కలు చేసిన రోజు

మంగళవారం ఉదయం ఛున్‌లింగ్ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్న భోజనంలోగా ఒక ఫంక్షన్‌ని, అంటే కంప్యూటర్ కోడ్‌లో ఒకే పేరు కింద రాసిన ఒక భాగాన్ని, ముక్కలు చెయ్యాలి. తైనాన్ నగరంలో పన్నెండు టీ దుకాణాలున్న సంస్థలో ఆమె ప్రోగ్రామర్. చక్కెర ఎంత, ఐసు ఎంత, సగ్గుబియ్యపు ఉండలు వెయ్యాలా వద్దా, బిల్లు ఎలా రావాలి, అన్నీ ఆ ఫంక్షనే చూసేది. మూడువేల రెండువందల వరుసలు! రాసినవాడు పెద్ద ఇంజినీరు ఫాంగ్. కుర్రవాళ్లు చాటుగా ఆ ఫంక్షన్‌నే "ఫాంగ్ అన్న" అనేవారు.

పనికి కూర్చునే ముందు ఆమె తోటి ప్రోగ్రామర్‌కి ఫోన్ చేసింది.

"ఇవాళ ఫాంగ్ అన్న పని పట్టేస్తున్నా. మరీ లావైపోయాడు. ఏం చేస్తున్నాడో తనకే తెలీదు. ముక్కలు చేసేస్తా. సాయంత్రానికి తేడా ఎవరికీ తెలీదులే."

ఆఫీసులో పనిచేసే బావో పిన్ని టీ కప్పులు తీసుకెళ్తూ ఆ మాటలు విని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఫాంగ్ గారిని తీసేస్తున్నారట. ఆయన పని ముక్కలు చేసి పిల్లలకి పంచుతారట," అని ప్యాకింగ్ గదిలో చెప్పింది. అక్కడినుంచి మేడెక్కేసరికి ఫాంగ్ తనంతట తానే వెళ్లిపోతున్నాడన్న కబురైంది. యజమానురాలు లియావ్ మేడమ్ నొచ్చుకుంది. "నాతో ఒక్క మాటైనా అనకుండానా?" అని కళ్లు తుడుచుకుని, వీడ్కోలు కేకు తెప్పించింది. కేకు మీద తన పేరు చూసిన ఫాంగ్, ఎవరినీ ఏమీ అడగకుండా సొరుగులు ఖాళీ చెయ్యసాగాడు.

ఇదేమీ ఎరుగని ఛున్‌లింగ్ చెవుల్లో పాటలు పెట్టుకుని కోస్తూ పోయింది. ఎంత ఓపిక ఆ పిల్లది! చక్కెర లెక్క ఒక ముక్క, ఐసు ఒక ముక్క, బిల్లు ఇంకొకటి. చూడగానే పనేమిటో తెలిసేలా ఒక్కోదానికీ పేరు పెట్టింది. కోసిన ప్రతిసారీ నాలుగువందల పాత ఆర్డర్లు దాని గుండా పంపి, జవాబులు మారలేదని తేల్చుకున్నాకే మరో ముక్క ముట్టుకుంది.

రెండింటికి అందరూ కేకు చుట్టూ చేరారు.

"మాలో ఏం లోపం కనిపించింది ఫాంగ్ గారూ?" అంది లియావ్ మేడమ్.

"అదేంటమ్మా, పొమ్మన్నది మీరే కదా!"

బావో పిన్ని వేలెత్తి చూపించింది. "ఈ పిల్లే అంది, ఫాంగ్ అన్న లావైపోయాడు, ఏం చేస్తున్నాడో తనకే తెలీదు, ముక్కలు చేస్తానని!"

"మనిషిని కాదు పిన్నీ, ఫంక్షన్‌ని!" ఛున్‌లింగ్ ముఖం కందిపోయింది. చాటు పేరు సంగతి చెప్పక తప్పలేదు.

"లావైపోయాడన్నది?" అడిగాడు ఫాంగ్.

"మూడువేల వరుసలు కదన్నా."

"ఏం చేస్తున్నాడో తనకే తెలీదన్నది?"

ఆమె తల దించుకుంది. ఫాంగ్ నేరుగా ఆమె కంప్యూటర్ దగ్గరికి నడిచాడు. తుఫాను ఖాయమనుకుంటూ అందరూ వెనకే వెళ్లారు. అతను చాలాసేపు చదివాడు.

"చక్కెర ఇక్కడ. ఐసు ఇక్కడ. చదివితే తెలిసిపోతోందే!" అన్నాడు. "నువ్వన్నది నిజమే తల్లీ. నా కోడ్ నాకే అర్థం కాదు. ఆ సంగతి బయటపడుతుందనే తొమ్మిదేళ్లుగా ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఎంత బాగా చేశావు!"

కేకు ఛున్‌లింగ్ చేతే కోయించారు. మర్నాడే ఫాంగ్ పది రోజులు సెలవు పెట్టి, చేపలు పట్టడానికి పెంగ్‌హూ దీవులకి వెళ్లాడు. అయిదో రోజు ఫోన్ చేశాడు.

"ఏమీ ఆగిపోలేదా?"

"లేదన్నా."

"ఒక్క దుకాణంలో కూడా?"

"లేదన్నా, హాయిగా ఉండు."

తర్వాత, ఇక్కడ చేపలు కూడా పడటం లేదని చెప్పి ఫోన్ పెట్టేశాడు.