పలుకున్న పాస్తా

ఆదివారం ఉదయం నాణ్యత తనిఖీ అధికారి నడుముకు తువ్వాలు చుట్టి, భార్యను వంటింట్లోంచి సాగనంపాడు. బోల్టుల ఫ్యాక్టరీలో వెంట్రుకవాసి తేడా పట్టే మనిషికి పాస్తా ఒక లెక్కా? మధ్యాహ్నం భోజనానికి మేనేజర్ మేడమ్ వస్తోంది. ప్రమోషన్ల జాబితా ఆవిడ చేతిలోనే ఉంది. పాస్తాను పద్ధతిగా వండేవాళ్లే కరువయ్యారని ఆవిడ వాపోతే, "మా ఇంటికి రండి మేడమ్" అని ఈయన నోరు జారాడు.

"నేను ఉడికిస్తానుగా," అంది భార్య.

"నువ్వు ఉడికిస్తే జావే. దీనికి పలుకుండాలి. ఎనిమిది నిమిషాలు, అంతే."

మరిగే నీళ్లలో పాస్తా పోశాక గుర్తొచ్చింది, వార్చే చిల్లుల గిన్నె పైఅంతస్తు పిన్నిగారింట్లో ఉందని. "ఇప్పుడే వస్తా. నేనొచ్చేదాకా పొయ్యి జోలికి పోకు," అని ఆజ్ఞాపించి పరుగెత్తాడు.

గిన్నె దొరికింది. దిగేటప్పుడు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది. ఫోను వంటింట్లో నిమిషాలు లెక్కపెడుతోంది. ఆయన తలుపు బాదుతూ అరిచాడు: "దించెయ్యండి, త్వరగా దించెయ్యండి."

"కంగారుపడకండి సార్, దించుతాం," అన్నాడు కింది నుంచి వాచ్‌మన్.

"నన్ను కాదయ్యా, పాస్తాని."

వాచ్‌మన్ మెకానిక్ వైపు తిరిగాడు. "పాస్తా గారని ఇంకొకాయన కూడా ఉన్నారట. ఇద్దరి బరువు, మెల్లగా దించు."

మెల్లగానే దించారు. నలభై నిమిషాలు పట్టింది. తలుపు తెరుచుకుంటే ఎదురుగా మేడమ్, చేతిలో పళ్ల బుట్ట. వాచ్‌మన్ లోపలికి తొంగిచూశాడు. "రెండో ఆయనేరి?"

వంటింట్లో భార్య చేతులు కట్టుకుని కూర్చుంది. గిన్నెలో పాస్తా ఉబ్బి, ఒకదాన్నొకటి విడవలేని ఉమ్మడి కుటుంబమైంది.

"కనీసం మంటైనా ఆర్పొచ్చుగా?"

"పొయ్యి జోలికి పోవద్దన్నారు, పోలేదు. నీళ్లు అయిపోతుంటే పోశాను. వాటి సంగతి మీరు చెప్పలేదుగా."

మేడమ్ చెంచా నోట్లో పెట్టుకుంది. ఈయన కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆవిడ రెండోసారి వడ్డించుకుంటోంది.

"మొన్ననే పళ్ల సెట్టు కట్టించుకున్నా. ఎక్కడికెళ్లినా పలుకు పలుకంటూ రాళ్లు పెడుతున్నారు. పద్ధతంటే ఇదీ. రహస్యం ఏమిటి?"

"ఓపిక మేడమ్," అంది భార్య.

మర్నాడు ప్రమోషన్ల జాబితా వచ్చింది. అధికారి ఇప్పుడు క్యాంటీన్ పర్యవేక్షకుడు.