పుట్టినరోజున ఊళ్ళో ఉండను

శనివారం పొద్దున్న ఇల్మో కెత్తునెన్ వంటింట్లో కాఫీ ముందు పెట్టుకుని స్థానిక పత్రిక చదువుతున్నాడు. బయట నవంబరు. తెల్లవారాలా వద్దా అన్నట్టు వెలుతురు చెరువు అవతలే ఆగిపోయింది. మంచూ కాని, వానా కాని ముద్ద ఏదో కిటికీ అద్దం మీద నెమ్మదిగా జారుతోంది. అటువంటి పొద్దున్న మొగుడి ముఖంలో నవ్వు చూసేసరికి తైమికి గుండె గుభేలుమంది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఇది విను. 'ఎనభై ఏళ్ళు. ఆర్వో పిర్స్కనెన్. పుట్టినరోజున ఊళ్ళో ఉండను.'"

"అయితే ఇంట్లోనే ఉంటాడన్నమాట."

"అదేగా నేను చెప్పేది!"

ఈసల్మి ఊళ్ళో ఈ ముక్కకి అర్థం ఎవరూ ఎవరినీ అడగరు. యాభై నిండినా, ఎనభై నిండినా ప్రతి మనిషీ పత్రికలో ఇదే వేయిస్తాడు. పూలు పట్టుకుని రావద్దు, గుమ్మంలో నిలబడి పాటలు పాడవద్దు, కర్టెన్లు వేసుకుని లోపలే ఉంటాను, కేకు నేనొక్కణ్ణే తింటాను అని దాని భావం. నిజంగా పెట్టె సర్దుకుని వెళ్ళిన మనిషిని ఊరు ఇంతవరకూ చూడలేదు.

ఆర్వో పాటలు రాసిన మనిషి. నాట్యశాలల్లో జనం ఒకప్పుడు కళ్ళు మూసుకుని అడుగులు వేసింది ఆయన మాటలకే. పుట్టినరోజు ఆ రోజే. ఆ సాయంత్రం చెరువుగట్టు హాల్లో ఆయన మీద ఇల్మో పెట్టుకున్న కార్యక్రమం ఉంది. సగం పాటలు, సగం కవితల పఠనం. ఇరవై ఏళ్ళుగా ఇల్మో చేస్తున్న పని ఇదే. ఎవరైనా కవి పోతే, గాయకుడు పోతే, వాద్యకారుల్ని పోగుచేసి, చదివేవాళ్ళని పిలిచి, చక్కగా నివాళి జరిపిస్తాడు. ఒక్కసారి మాత్రం బతికున్న ఆకార్డియన్ విద్వాంసుడికి జరపబోయాడు. పోస్టర్లు అచ్చయి రాగానే ఆ పెద్దమనిషి కన్నుమూశాడు. పుట్టిన సంవత్సరం పక్కన రెండో సంవత్సరం అచ్చు వేయించి, చీటీలు అతికించాల్సి వచ్చింది. అప్పటినుంచి ఊళ్ళో అతని పేరు శవపేటికల ఇల్మో. దారిలో ఎవరినైనా ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే వాళ్ళు అవతలి వైపుకి దాటిపోతున్నారు.

ఇల్మోని తినేస్తున్నది ఆ పేరు కాదు. ఒక గాయకుడి నివాళి ముగిశాక ఆయన భార్య కోటు గుండీలు పెట్టుకుంటూ అంది, "అంతా బాగుంది. ఇందులో ఒక్క ముక్క ఆయన బతికుండగా ఎవరైనా చెప్పి ఉంటే ఇంకా బాగుండేది." ఆ మాట అతనికి మేకులా దిగబడిపోయింది. జన్మలో ఒక్కసారైనా, ఎవరి గురించి చెబుతున్నామో ఆ మనిషి కూర్చుని వినాలి. అందుకే వేసవి చివర్లో స్వయంగా వెళ్ళి ఆర్వోని పిలిచాడు.

"వస్తే వచ్చినట్టే. రాకపోతే రానట్టే," అన్నాడు ఆర్వో. "ఇప్పుడే చెప్పేస్తే ఆ రోజున చెయ్యడానికి నాకేం మిగులుతుంది?"

"అంటే వస్తాననే," అన్నాడు ఇల్మో ఇంటికి వచ్చి.

"అంటే రాననే," అంది తైమి. ఇద్దరూ ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగారు. ఆ భాష మీద ఎవరి పట్టు వాళ్ళది.

ఇప్పుడు ఆవిడ ఖాళీ కప్పు తీస్తూ అంది, "ఎనభై ఏళ్ళ మనిషి వెంట ఒంట్లో ఎలా ఉంది, ఒంట్లో ఎలా ఉంది అని ఎన్నాళ్ళుగా పడ్డావ్! ఆయన స్థానంలో నేనుంటే నిజంగానే ఊరు వదిలి పారిపోయేదాన్ని."

ఇల్మో ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఊళ్ళో లేని మనిషి ఎలా ఎత్తుతాడు? అతనికి ధైర్యం వచ్చింది. చర్చి దాటి చెరువొడ్డున ఉన్న ఆర్వో ఇంటికి కారు తీశాడు. కర్టెన్లు వేసి ఉన్నాయి. వాటి వెనక దీపం వెలుగుతోంది. లోపల రేడియో సన్నగా మాట్లాడుతోంది. ఇల్మో తలుపుకున్న ఉత్తరాల చీలిక దగ్గర వంగి, మూత ఎత్తాడు.

"ఆర్వో గారూ, మీరు తలుపు తియ్యక్కర్లేదు. సాయంత్రం మా బావమరిది టాక్సీ తెస్తాడు. మీకు ఇష్టం లేకపోతే ఒక్క మాట అనండి, చాలు."

చాలాసేపు వంగే ఉన్నాడు. లోపలినుంచి ఒక్క మాట రాలేదు. నడుము పట్టేసినా మనసు తేలికైంది. ఆ ఊళ్ళో మౌనం కన్నా గట్టి ఒప్పుకోలు లేదు.

పక్కింటి హెల్కా చీపురు పట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది. "ఉన్నాడా?"

"ఊళ్ళో లేడు," అన్నాడు ఇల్మో.

"ఆహా! నిన్న రాత్రి దీపం వెలగడం నేను చూశాగా. సాయంత్రం వస్తాడా?"

"రానని మాత్రం అనలేదు."

హెల్కాకి అది చాలు. చీపురు అక్కడే వదిలి లోపలికి వెళ్ళి ఫోన్ అందుకుంది. ఆర్వో నలుగురిలో కనబడి పదిహేనేళ్ళయింది. మధ్యాహ్నం కాఫీ వేళకి, పిర్స్కనెన్ వేదిక మీదికి వస్తాడట అన్న మాట వేదిక మీద పాడతాడట అయింది. చీకటి పడేసరికి టిక్కెట్లు అయిపోయాయి. గోడవార నిలబడతామని కొందరు చేతికర్రలు పట్టుకుని మరీ వచ్చారు.

హాలు నిండింది. ఇల్మో తెర వెనక నిలబడి, టాక్సీ దీపాల కోసం కిటికీలోంచి చూస్తున్నాడు. బావమరిది తోయివో ఒక్కడే వచ్చాడు, టోపీ మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"బావా, బెల్లు కొట్టాను. కొట్టగానే లోపల దీపం ఆరిపోయింది."

"ఆరిపోయిందా?"

"టక్కున. పొమ్మని నోటితో చెప్పినా అంత స్పష్టంగా ఉండేది కాదు."

"నువ్వేం చేశావ్?"

"చీకట్లో నిలబడి శుభాకాంక్షలు చెప్పాను. ఇంకేం చెయ్యను?"

ఇల్మో తెర సందులోంచి జనాన్ని చూశాడు. ఒక మనిషి గురించి మంచి మాటలు వినడానికి ఇంతమంది వచ్చారు. ఆ మనిషి నడిచి వెళ్ళేంత దూరంలో చీకట్లో కూర్చున్నాడు. ఈ రాత్రి దాటితే మళ్ళీ చెప్పేది పోస్టర్ మీద రెండో సంవత్సరం పడ్డాకే. అతను వేదిక మీదికి వెళ్ళాడు.

"ఆర్వో గారికి బిడియం. ఆయన ఇక్కడికి రారు. మనమే వెళదాం."

అందరూ లేచి, కోట్లు తొడుక్కున్నారు. కవితలు చదవాల్సిన నటి సిర్క్క మాత్రం తన పాదాలు చూపించింది. "ఇల్మో, ఈ చెప్పులు వేదిక కోసం కొన్నవి. ధ్రువయాత్ర కోసం కాదు."

"కొంచెం దూరమే సిర్క్కా."

"కింద బురద ఉంది, పైన బురద పడుతోంది. దూరం సంగతి నేనడగలేదు."

అయినా వెళ్ళింది. ఊరేగింపు చర్చి పక్కనుంచి సాగింది. దారిలో ఎదురైనవాళ్ళు ఎవరి అంత్యక్రియలో అనుకుని టోపీలు తీశారు.

ఆర్వో పెరట్లో జనం భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. కిటికీ చీకటిగా ఉంది. ఆకార్డియన్ తడిసి, దగ్గొచ్చిన ముసలివాడిలా ఊపిరి తీస్తోంది. సిర్క్క కాగితం తడవకుండా గొడుగు కింద పెట్టుకుని, తాను తడుస్తూ చదివింది. తర్వాత అందరూ కలిసి పాడారు. రెండో పాట సగంలో ఉండగా కిటికీలో దీపం వెలిగింది.

జనంలో సన్నగా ఒక నిట్టూర్పు. హెల్కా మెడచుట్టు గుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంది. "విన్నాడు! లేచి దీపం వేశాడు!" ఇల్మో ఇంకో పాట అందుకోమని చేత్తో సైగ చేశాడు. ఆ పాట అయ్యేలోగా దీపం ఆరిపోయింది. మళ్ళీ కాసేపటికి వెలిగింది.

వెనకనుంచి ఒక గొంతు మెల్లగా అంది, "కర్టెన్ మీద నీడ పడలేదే."

"రేడియో పొద్దుట్నుంచీ ఆగలేదు," అంది హెల్కా, గొంతు తగ్గించి.

"తీగలు ఎక్కడో కలుస్తున్నట్టున్నాయి. మనిషి కదిలి వేస్తున్న దీపం కాదది."

తర్వాతి మాట ఎవరూ పైకి అనలేదు. అందరూ ఇల్మో వైపు చూశారు. ఒకాయన టోపీ తీశాడు. పక్కాయన కూడా తీశాడు. ఇల్మో కట్టెల మోపు మీద కూలబడ్డాడు. పొద్దున్న ఆ చీలికలోంచి తాను బతిమాలింది శవాన్నా అనుకున్నాడు. హెల్కా అప్పటికే అగ్నిమాపకదళానికి ఫోన్ చేసేసింది.

వాళ్ళు వచ్చి, ఒకసారి పిలిచి, తలుపు పగలగొట్టారు. పాతకాలపు తలుపు, చట్రంతో సహా వచ్చేసింది.  దళం పెద్ద బయటికి వచ్చాడు. చేతిలో టిక్కుటిక్కుమంటున్న చిన్న ప్లగ్గు ఉంది.

"దీపానికి టైమర్ పెట్టాడు. లోపల మనిషి లేడు."

"లేడంటే?"

"ఊళ్ళో లేడు."

చాలాసేపు ఎవరికీ ఆ మాట ఎక్కలేదు.

"నిజంగానా?" అన్నాడు టోపీ తీసిన మనిషి. "పేపర్లో వేయించి మరీ?"

బతికున్నాడన్న సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. తర్వాత అందరికీ కడుపు మండింది. ఎనభై ఏళ్ళొచ్చి ఇంత మోసమా? టోపీలు పెట్టుకుని, ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయారు. హాలుకి తిరిగి వెళదామని ఒక్కరూ అనలేదు.

ఇల్మో, సిర్క్క, ఆకార్డియన్ వాద్యకారుడు, ముగ్గురూ తోయివో టాక్సీలో వెనక్కి వచ్చారు, హాల్లో దీపాలు ఆర్పి తాళం వెయ్యడానికి.  వానలో చదివి సిర్క్కకి గొంతు పోయింది.

హాల్లో మూడో వరసలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కన చేతిసంచీ, ఒళ్ళో కాగితం పళ్ళెం. విరామంలో పంచాలని పెట్టిన, రొట్టె మీద చేపలు పేర్చిన కేకులో ఒక మూల ఖాళీ అయింది.

"ఆర్వో గారూ!"

"రైలు ఆలస్యం," అన్నాడు ఆర్వో. "వచ్చేసరికి ఎవరూ లేరు. అయిపోయిందేమో అనుకున్నా. నా గురించి ఎంతసేపు మాట్లాడతారులే."

"మీరు... ఎక్కడికెళ్ళారు?"

"కయాని ఊరికి. నిన్న వెళ్ళాను."

"పక్క ఊరికా? అక్కడేముంది?"

"ఏమీ లేదు. అందుకే వచ్చేశా. జనం ఏరీ?"

"మీ ఇంటికి వెళ్ళారు."

ఆర్వో పళ్ళెం పక్కన పెట్టాడు. "ఊళ్ళో ఉండనని వేయించానుగా?"

"అది ఎవరు నమ్ముతారండీ!"

"దొంగలు నమ్మేస్తారని భయపడి రేడియో మోగుతూ వదిలేసి, టైమర్ కూడా కొన్నాను."

"వస్తానని నాకు చెప్పొచ్చుగా?"

"రానని చెప్పానా?"

ఇల్మో ఖాళీ కుర్చీల వైపు చూశాడు. ఇరవై ఏళ్ళుగా కోరుకున్న మనిషి వచ్చి కూర్చున్నాడు. వినిపించాల్సినవాళ్ళందరూ ఇళ్ళలో సాక్సులు ఆరబెట్టుకుంటున్నారు. సిర్క్క తడి చెప్పులు విప్పేసి, వట్టి కాళ్ళతో వేదిక ఎక్కింది. ఆకార్డియన్ భుజానికి ఎక్కింది.

కార్యక్రమం మొదటినుంచీ జరిగింది. సిర్క్క గుసగుసగా చదివింది, అంతకన్నా పైకి రాలేదు. ఆకార్డియన్లో రెండు మెట్లు పలకలేదు, ఆ చోట్ల ఆర్వోనే సన్నగా కూనిరాగం తీశాడు. తోయివో తలుపు దగ్గర నిలబడి, చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. చివరి మాట అయ్యాక ఆర్వో ఒళ్ళో పడిన కేకు పొడి దులుపుకున్నాడు.

"అంత చెడ్డగా ఏం లేదు," అన్నాడు.

ఆ ఊళ్ళో అంతకన్నా పెద్ద మాట లేదు. సిర్క్క వెనక్కి తిరిగి ముక్కు చీదుకుంది. ఇల్మోకి ఆ గాయకుడి భార్య గుర్తొచ్చింది, ఆవిడ ఉంటే బాగుండునని అనిపించింది.

ఆర్వో సంచీ అందుకున్నాడు. "ఇక ఇంటికి."

"ఇంటి సంగతే చెప్పాలి," అన్నాడు ఇల్మో. "మీ తలుపు..."

"తలుపుకేమైంది?"

"అగ్నిమాపకదళం వచ్చింది."

"నిప్పంటుకుందా?"

"లేదండీ. మీరు పోయారనుకున్నాం."

ఆర్వో ఆలోచించాడు. "ఎంతమంది ఉన్నారప్పుడు?"

"హాలంతా అక్కడే."

"టోపీలు తీశారా?"

"అందరూ."

"ఏడ్చారా?"

"హెల్కా ఏడ్చింది. నేను కూడా... కొంచెం."

"మరి తలుపుదేముంది," అన్నాడు ఆర్వో. ఆయన ముఖం ఆ సాయంత్రానికి మొదటిసారి వెలిగింది.

వడ్రంగి క్రిస్మస్ దాటాకే వస్తానన్నాడు. అందాకా ఆర్వోకి ఇల్మో ఇంట్లో సోఫా మీద పక్క వేశారు. ఇరవై ఏళ్ళలో ఇల్మో నివాళి జరిపిన పెద్దలెవరూ మర్నాడు పొద్దున్న కాఫీ పలచగా ఉందని అనలేదు.