తాతయ్య కుడిచెయ్యి

ఆ ఆదివారం ఉదయం డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, తాతయ్య చేతికి సిమెంటు కట్టు వేసి చూసుకోవడం, అది గట్టిపడేలోగా విప్పేయడం. డాక్టరమ్మ అనేది ఇంట్లో పిలుపే. కాలేజీలో ఆమె ఇంకా విద్యార్థిని, అదీ మొన్న ప్రొఫెసరు ముందు బొమ్మ చేతికి కట్టు వేయబోయి తన గ్లవ్‌ను కూడా అందులో కలిపి చుట్టేసిన విద్యార్థిని. సోమవారం పరీక్ష. అందుకని వార్డులోంచి రెండు సిమెంటు కట్టు రోల్స్ ఎవరికీ చెప్పకుండా సంచిలో వేసుకొచ్చింది.

తాతయ్య కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి చాపాడు. అది అలాంటిలాంటి చెయ్యి కాదు. సాయంత్రం క్లబ్బులో వియ్యంకుడితో, అంటే డాక్టరమ్మ అమ్మ తండ్రితో, క్యారమ్ ఫైనల్ ఆడాల్సిన చెయ్యి. ఏటా కప్పు ఆ వియ్యంకుడిదే. ఒక్కసారి ఆయన్ని ఓడిస్తే ఈ జన్మకు చాలని తాతయ్య ఏడాదంతా సాధన చేశాడు.

"ఎడమ చెయ్యి ఇవ్వు తాతయ్యా!"

"పరీక్షలో కుడిచెయ్యి అన్నావుగా? నేర్చుకునేదేదో సరిగ్గా నేర్చుకో. కాసేపట్లో విప్పేస్తావుగా?"

"చిటికెలో విప్పేస్తా!"

కట్టు అద్భుతంగా కుదిరింది. ఒక్క ముడత లేదు. మురిసిపోతూ నాలుగు వైపుల నుంచీ చూసుకునేసరికి అది కాస్తా రాయిలా బిగుసుకుంది. వంటింటి కత్తెర విరిగింది. కూరలు తరిగే కత్తి చూడగానే తాతయ్య లేచి గోడకు ఆనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. "అయ్యో మామయ్యగారూ! ఏమైందండీ?"

మనవరాలి దొంగతనం బయటపడకూడదని తాతయ్య నోటికొచ్చింది అనేశాడు. "వాకింగ్‌లో కాలు జారానమ్మా. వీధి చివర క్లినిక్‌లో కట్టు వేశారు."

ఇక చూసుకోండి. నాన్న ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టరును తిట్టడం మొదలుపెట్టాడు. అమ్మ తన తండ్రికి ఫోన్ చేసింది. వియ్యంకుడు కాలికో రకం చెప్పులు వేసుకుని, కప్పు చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"బావగారూ, మీరు లేని ఆట నాకెందుకండీ? ఈ ఏడు కప్పు మీదే!" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. వద్దంటే ఎందుకో చెప్పాలి. తాతయ్య ఎడమచేత్తో కప్పు పుచ్చుకున్నాడు. అంతటితో ఆగక, "ఎక్స్‌రే తీయించారా? లేదా? పదండి!" అంటూ వియ్యంకుడు అందరినీ పెద్దాసుపత్రికి లాక్కెళ్లాడు.

ఖర్మ కాలి అక్కడ డ్యూటీలో ఉన్నది డాక్టరమ్మ ప్రొఫెసరే. రంపంతో కట్టు కోయించి, ఎక్స్‌రే తీయించి, నోరు వెళ్లబెట్టింది. "ఎముకకు చిన్న గీత కూడా పడలేదే! విరగని చేతికి కట్టు ఎవరు వేశారండీ? పనితనం మాత్రం భేషుగ్గా ఉంది."

"మా వీధి చివర క్లినిక్‌లో..." అని నసిగాడు తాతయ్య.

"ఆదివారం అది తెరవరు కదా బావగారూ!" అన్నాడు వియ్యంకుడు. ఆయన ముఖం మెల్లగా మారింది. "అర్థమైంది. ఓడిపోతానన్న భయంతో దొంగకట్టు కట్టుకుని, నా చేతే కప్పు ఇప్పించుకున్నారన్నమాట!"

డాక్టరమ్మ నోరు తెరిస్తే రోల్స్ సంగతి బయటపడుతుంది, రేపటి పరీక్షకు రానివ్వరు. ఆమె నోరు తెరవలేదు. వియ్యంకుడు కప్పు లాక్కుని వెళ్లిపోయాడు. తాతయ్య ఆమె భుజం తట్టి, "రేపు బాగా చెయ్యి తల్లీ" అన్నాడంతే. తిట్టినా బాగుండేదని ఆమె రాత్రంతా కుమిలిపోయింది.

పరీక్ష అవగానే తిన్నగా అమ్మ తండ్రి ఇంటికి పరుగెత్తింది. "తప్పంతా నాది తాతయ్యా. కట్టు వేసింది నేనే. విప్పడం చేతకాలేదు" అని బావురుమంది.

ఆయన మనవరాలి కన్నీళ్లు తుడిచాడు. "పిచ్చితల్లీ! డాక్టరు చదువు చదివేదానివి, విప్పడం రాకుండానే వేస్తావా? చివరికి నీ చేత కూడా అబద్ధం చెప్పిస్తున్నాడన్నమాట, ఆ పెద్దమనిషి!"

ఎంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత వియ్యంకులిద్దరూ ఒకే బోర్డు ముందు కూర్చోలేదు. తాతయ్య ఒక్కడే అటూ ఇటూ కుర్చీ జరుపుకుంటూ రెండు వైపులా తనే ఆడుకుంటున్నాడు. అది చూసినప్పుడల్లా డాక్టరమ్మకు ఏడుపొస్తుంది. పరీక్షలో మాత్రం ఆమెకే అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. విప్పడం సిలబస్‌లో లేదు.