బుచ్చిరాములు గారి బోర్డు

"సోదర సోదరీమణులారా! పేరులేని బతుకులకు ఇక సెలవు!" అని మా వార్డు నాయకులు బుచ్చిరాములు గారు 2021 జూన్‌లో వాట్సాప్ గ్రూపులో ప్రకటించారు. మా గల్లీకి వరల్డ్ క్లాస్ నేమ్ బోర్డు రాబోతోందట. కింద చప్పట్ల బొమ్మలు నూటనలభై పడ్డాయి. సూరత్‌లో, గోడాదరాలో మాది తెలుగు నేత కార్మికుల గల్లీ. దాని మీద ఆయనకు ఎంత ప్రేమంటే, నది అవతల అడాజన్ ఫ్లాట్‌లో ఉంటూ కూడా మమ్మల్ని మరచిపోలేదు.

నాది గల్లీ మొదట్లో రీచార్జి దుకాణం. అందుకే ఈ చరిత్రనంతా కుర్చీలోంచి లేవకుండా చూసే భాగ్యం నాకు దక్కింది.

టీకా వేయించుకోనివాణ్ణి సోమవారం నుంచి సాంచాల దగ్గరికి, అంటే మరమగ్గాల మీదికి, రానివ్వనని మిల్లు సేఠ్ ఖరాఖండిగా చెప్పాడు. శనివారం టీకా బండి మా వైపు వస్తుంది. కానీ గల్లీ మొదట్లో బోర్డుంటేనే ఆగుతుందని మున్సిపల్ ఆఫీసువాళ్లన్నారు. మా పక్కింటి లక్ష్మీరాజం మొదటి లాక్‌డౌన్‌లో పని పోయి ఆరు నెలలు ఖాళీగా కూర్చున్నవాడు. మళ్లీ పని పోతే ఇల్లు ఖాళీ చేయడమే. వాళ్లమ్మ కొమురవ్వ రోజూ పొద్దున్నే గల్లీ ఊడ్చి, చీపురు పట్టుకునే నా దగ్గరికి వచ్చేది.

"బోర్డు అచ్చిందా బిడ్డా?"

"డిజైన్ స్టేజిలో ఉంది పెద్దమ్మా."

నిజంగానే ఉంది. నాయకుల వారు ల్యాప్‌టాప్ పట్టుకున్న డిజైనర్‌తో సహా నా దుకాణంలోనే కూర్చునేవారు. మొదటి డిజైన్‌లో గల్లీ పేరుకు పెద్ద జాగా, ఆయన ఫొటోకు చిన్న జాగా వదిలారు.

"పేరు గింత పెద్దగుంటే నాయకత్వం ఎట్ల కనవడుతది?" అన్నారాయన.

ఫొటో పెరిగింది. ఆయన ఒక్కరే ఉంటే పై నాయకుడికి కోపం వస్తుందని ఆ నాయకుణ్ణీ చేర్చారు. ఆయన పైవాణ్ణి, ఆ పైవాడి బావమరిదిని కూడా చేర్చారు. అలా చేరుస్తూ పోతే మొత్తం ఏడుగురయ్యారు. అంతలో ఎవరో ఆఫీసర్ వచ్చి చూసి, మాస్కు లేని ఫొటోలు కోవిడ్ గైడ్‌లైన్స్‌కు విరుద్ధమన్నాడు. చట్టాన్ని గౌరవించడంలో మా నాయకుల తర్వాతే ఎవరైనా. ఏడుగురికీ కంప్యూటర్లోనే మాస్కులు తొడిగించారు.

"ఇందులో మీరెవరు సార్?" అన్నాడు డిజైనర్.

"మూడో ఆయన."

"మూడో ఆయన బావమరిది గారనుకుంటా."

నాయకుల వారు కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "అయితే ఐదో ఆయన. నవ్వు చూస్తే తెలుస్తలేదా?"

"మరి గల్లీ పేరు ఎక్కడ రాయాలె సార్?"

"అది సెకండ్ ఫేజ్."

శుక్రవారం ఆవిష్కరణ ఘనంగా జరిగింది. ఆ దూరదృష్టికి నేను కూడా చప్పట్లు కొట్టాను.

శనివారం టీకా బండి వచ్చింది. బోర్డు చూసింది. మాస్కుల కంపెనీ అడ్వర్టైజ్‌మెంట్ అనుకుని ఆగకుండా ముందుకు పోయింది. కొమురవ్వ చీపురుతోనే పరుగెత్తి బండికి అడ్డంగా నిలబడింది. "పోనియ్య! నా కొడుకు పని పోతది!" అని ఆమె అరిచిన అరుపుకు డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.

నర్సు ఊర్మిళాబెన్ దిగి, ట్యాబ్ తెరిచి, "గల్లీ కా నామ్?" అంది.

అందరం బోర్డు వైపు చూశాం. ఏడుగురు మహానుభావులు మా వైపు చూశారు.

పేరు కొట్టకపోతే ట్యాబ్ ముందుకు కదలదని ఆమె చెప్పింది. సిరిసిల్ల వాళ్లు సిరిసిల్ల గల్లీ అన్నారు. పరకాల వాళ్లు మేమేమన్నా చచ్చామా అన్నారు. కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. నాయకుల వారికి ఫోన్ చేస్తే, టీవీ ఇంటర్వ్యూలో ఉన్నారన్నారు. ఊర్మిళాబెన్ ట్యాబ్ మూసి బండెక్కబోయింది.

"ఆగు బిడ్డా" అంది కొమురవ్వ. "బట్ట తాను సాంచా మీంచి దిగినంక దాని కొసకు ఎవలు నేస్తే వాళ్ల పేరే రాస్తరు, సేఠ్ పేరు రాయరు. ఇరవై ఏండ్ల సంది గీ గల్లీ ఊడ్సేది నేను. నా పేరు రాయి."

లక్ష్మీరాజం సిగ్గుపడుతూనే హిందీలో చెప్పాడు. ఎవరూ కాదనలేకపోయారు. ఊర్మిళాబెన్ నవ్వి, టకటకా కొట్టింది. సాయంత్రానికి గల్లీ గల్లీకంతా టీకాలు పడ్డాయి. సోమవారం లక్ష్మీరాజం టిఫిన్ డబ్బా ఊపుకుంటూ పనికి పోయాడు.

రెండు నెలలకు, ట్యాబ్‌లో ఎక్కిన పేరుతోనే, మున్సిపల్ ఆఫీసు నుంచి చిన్న నీలం రేకు వచ్చింది. దాని మీద ఫొటోలు లేవు, కొమురవ్వ గల్లీ అని మాత్రం ఉంది. కబురందగానే బుచ్చిరాములు గారు కదిలిపోయారు. బతికున్నవాళ్ల పేర్లు వీధులకు పెట్టకూడదన్న రూలు ఆయనకు కంఠతా వచ్చు. అందుకని కొమురవ్వ పోయిందనే తేల్చుకుని, ఎవరినీ అడిగి శ్రమపెట్టకుండానే మరునాడు సంస్మరణ సభ ఏర్పాటు చేశారు. రేషన్ కిట్ల ఫైల్లోంచి ఆధార్ జిరాక్స్ తీయించి, ఫొటోను పెద్దది చేయించి, దండ వేశారు. ఆ ఫొటోలో మనిషిని గుర్తుపట్టడం కన్నకొడుక్కే కష్టమైంది.

"కొమురవ్వ గారి త్యాగం వృథా కాదు! ఆమె చివరి రోజుల్లో నేనే పక్కన ఉన్నాను!" అంటూ ఆయన కళ్లు తుడుచుకున్నారు.

లక్ష్మీరాజానికి ఒళ్లు మండింది. "మా అవ్వ బతికుండంగనే దండ ఏందే!" అని లేవబోయాడు. పక్కనే మాస్కు కట్టుకుని కూర్చున్న కొమురవ్వ వాడి చొక్కా పట్టి లాగింది.

"ఊకో బిడ్డా. నేనున్ననని తెలిస్తే పేరు పీకేస్తరు."

నాయకుల వారు రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరం లేచి నిలబడ్డాం. కొమురవ్వ కూడా కొంగు సర్దుకుని, తల వంచి నిలబడింది. గల్లీ మొత్తంలో రెండు నిమిషాలూ కదలకుండా నిలబడింది ఆమె ఒక్కతే.