నానికి వేసిన ట్రాపు

"ఈ మొయినాబాద్ మండలంలో నేరం చేసేవాడు ఒక్క సంగతి మరిచిపోతున్నాడు రమణీ. ఇక్కడ వెంకటరావు ఉన్నాడు!"

ఇంతటి భీకర ప్రకటన వెంకటరావు ఉప్మా తింటూ చేశాడు. అప్పటికి ఆయన ఛేదించిన కేసులు రెండు. మాయమైన టీవీ రిమోటు ఆయన జేబులోనే దొరికింది. గేటు దగ్గర తచ్చాడిన ముసుగు మనిషి తేనెపట్టు తీయడానికి వచ్చాడని పోలీసులకు ఫోన్ చేశాక తెలిసింది. పగలు ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మేనేజరు, మిగతా వేళల్లో డిటెక్టివు. రెండు ఉద్యోగాల్లోనూ పనిచేసేది వేరేవాళ్లే.

భార్య రమణి ఆ ప్రకటన వినలేదు. ఆమె ప్రాణమంతా బాగు చేయిస్తున్న కింది బాత్రూము మీదుంది. అందులో నీళ్లు నిలిచి, జారి పడే వాళ్లమ్మ తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనైంది, రేపు ఆదివారం ఇంటికి తెస్తున్నారు. ఇంకోసారి పడితే ఇక లేవదని డాక్టరు చెప్పిన మాట రమణి చెవుల్లో గింగురుమంటోంది. ఆలూరు నుంచి వచ్చే సాముయేలు మేస్త్రీ ఆదివారం చర్చికి వెళ్తాడు, తాపీ ముట్టడు. సోమవారం నుంచి మోకిలలో విల్లా పని ఒప్పుకున్నాడు. ఏమైనా సరే పని ఇవాళ సాయంత్రానికి అయిపోవాలి.

ఆ అత్తగారు వెంకటరావుకు స్వయానా మేనత్త. ఆయన ఉయ్యాలలో ఉన్నప్పుడు 'నానీ' అని పిలవడం మొదలుపెట్టింది. అల్లుడయ్యాక కూడా మానలేదు. ఇప్పుడు నెత్తిన జుట్టు సగం రాలినా ఆవిడకు ఆయన నానీయే.

ఉప్మా ముగించి చేయి కడుక్కోవడానికి వెళ్తున్న వెంకటరావు బాత్రూము తలుపు దగ్గర ఠక్కున ఆగాడు. లోపల సాముయేలు తన హెల్పరుతో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"నాని ట్రాప్ ఇయ్యాలనే ఖతం చేద్దాం కృపాకర్. పాతది పాడైంది. ఇగ పనికి రాదు, కొట్టి తీసేసుడే... బొంద తవ్వి పెట్టిన. అండ్ల దించి, చుట్టు సిమెంటు పోస్తె అయిపాయె. వాసన గూడ రాదు. పోయిన నెల మోకిలల నాలుగు ఏసిన, ఒక్క కంప్లెయింటు లేదు. వచ్చేటప్పుడు గన్ను తెచ్చుడు మర్వకు."

వెంకటరావు గుండె జారి అరికాళ్లలోకి వచ్చింది. నానికి ట్రాపు! బొంద! గన్ను! అన్నిటికీ మించి, తనంతటి వాణ్ని పట్టుకుని 'పాతది' అంటాడా? ఈ కాలపు హంతకులకు బొత్తిగా మర్యాద లేదు. వంటింట్లోకి వచ్చి పడ్డాడు.

"రమణీ, నన్ను చంపేస్తున్నారు!"

"ఎవరు?"

"సాముయేలు ముఠా. ఇవాళే, సాయంత్రంలోగా."

"సాయంత్రంలోగా బాత్రూము అవ్వాలి బావా. వాళ్లకంత తీరికెక్కడిది?"

"నవ్వులాట కాదు. నిన్న టైల్సు వంకరగా ఉన్నాయన్నాను. పగబట్టాడు."

"నోటి దురుసుకే చంపేట్టయితే నిన్ను ఈ కాలనీలో ఎవరో ఒకరు ఎప్పుడో చంపేసేవాళ్లు."

"పోలీసుల్ని పిలుస్తున్నా!"

ఈసారి రమణి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నీకు దణ్ణం పెడతాను బావా. ఆయన్ని ఒక్క మాటన్నా సంచి సర్దుకుని పోతాడు. రేపు అమ్మ వస్తుంది. మళ్లీ ఆ నీళ్లలో గనక..." అని కొంగుతో కళ్లొత్తుకుంది.

అత్త మాట ఎత్తేసరికి వెంకటరావు ఫోను పక్కన పెట్టాడు. అయినా డిటెక్టివు డిటెక్టివే. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామని తలకు హెల్మెట్టు, చేతికి అప్పడాల కర్ర తగిలించుకుని తలుపు చాటున నక్కాడు.

కృపాకర్ వచ్చాడు. సంచిలోంచి పొడుగు ముక్కున్న వస్తువొకటి తీశాడు.

"గన్ను సరే, నాని ఏది?" అన్నాడు సాముయేలు.

"ఈడనే ఉన్నది అన్న. గుంతల పెట్టాల్నా?"

"పెట్టు."

"కదలొద్దు! నాని ఇక్కడున్నాడు!" అంటూ వెంకటరావు లోపలికి లంఘించాడు.

నేలంతా సిమెంటు నీళ్లు. ఒక కాలు చేవెళ్ల వైపు, ఇంకో కాలు గండిపేట వైపు పోయాయి. అప్పడాల కర్ర ఎగిరి బకెట్లో పడింది. చేతికందిన స్టీలు రాడ్డును రెండు చేతులా పట్టుకుని ఆయన గబ్బిలంలా వేలాడాడు. అది అత్తగారు పట్టుకుని లేవడానికి పొద్దున్నే గోడకు బిగించిన రాడ్డు. ఎడమ కాలు గుంతలోకి దిగి, వేళ్లు దేంట్లోనో ఇరుక్కున్నాయి.

"అయ్యో! కాలు తియ్యుండ్రి సారు, నాని ట్రాప్ పగులుతది!" కృపాకర్ అరిచాడు.

"నీ ట్రాప్‌లో నేను పడనురా!"

"పడ్డరు సారు. కాలుకే ఉన్నది."

వెంకటరావు వంగి చూశాడు. కాలి వేళ్లకు తెల్లటి ప్లాస్టిక్ గిన్నె తగులుకుని ఉంది.

"గిదే నాని ట్రాప్. గచ్చు మీది జాలి కింద పెడ్తం. నీళ్లు పోతయి, కంపు మీదికి రాదు."

"మరి... గన్ను?"

కృపాకర్ దాన్ని నొక్కాడు. ముక్కులోంచి తెల్లటి బంక పాములా బయటికొచ్చింది. "సందులు నింపేది సారు."

పరిగెత్తుకొచ్చిన రమణి సిగ్గుతో చచ్చిపోతూ 'నానీ' ఎవరో చెప్పింది. కృపాకర్ కడుపు పట్టుకుని నవ్వి నవ్వి గచ్చు మీదే కూలబడ్డాడు. సాముయేలు మాత్రం నవ్వలేదు.

"అంటే సారూ, నేను మిమ్మల్ని సంపి బొందల పెడ్త అనుకున్నరా?" అని తాపీ తుడిచి సంచిలో వేశాడు.

వెంకటరావుకు మొట్టమొదటిసారి నిజంగా భయమేసింది.

"తప్పయిపోయింది సాముయేలూ. నన్ను నాలుగు తిట్టు, పడతాను. మా అత్త పడింది ఇక్కడే. పని మాత్రం ఆపకు," అన్నాడు వేలాడుతూనే.

సాముయేలు ఆయన ముఖం చూడలేదు. చేతుల కేసి చూస్తున్నాడు.

"గట్లనే ఉండుండ్రి సారు. వదలకుండ్రి."

దగ్గరికొచ్చి గోడకు చెవి ఆనించాడు. రాడ్డు బోల్టులు వేలితో తడిమాడు.

"పొద్దుగాల మీరు అడిగిండ్రు కదమ్మా, పెద్దమ్మ పట్టుకుంటె ఇది ఊడదు గదా అని. పాత గోడ, నాకు గూడ లోపట ఫికరే ఉండె. సూడుండ్రి, ఇంత మనిషి దుంకి ఏలాడినా ఇసుమంత కదల్లే!" ముఖం విప్పారి, సాముయేలు సంచిలోంచి మళ్లీ తాపీ తీశాడు.

రమణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. వెంకటరావు హెల్మెట్టు సర్దుకుందామనుకున్నాడు గానీ చేతులు ఖాళీ లేవు.

"మొదటి నుంచీ నా అనుమానమంతా ఆ గోడ మీదే రమణీ," అన్నాడు.